చేయి కడుక్కున్నాక చెప్పులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నా వయసు 41. ఖమ్మంలో ఒక సహకార బ్యాంకులో పదహారేళ్లుగా క్యాషియర్‌ని. ఏటా జనవరి ఒకటిన, అది చెడితే ఉగాదికి, జీవితాన్ని దారిలో పెట్టుకోవాలని ఒక జాబితా రాసుకుంటాను. ఈ ఏడాది రాసినవి ఎనిమిది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం, అయిదు కిలోమీటర్ల నడక, అరగంట యోగా, అరగంట ఇంగ్లీషు, పది పేజీల పుస్తకం, టీలో చక్కెర మానడం (బ్యాంకులో రోజుకు అయిదు టీలు తాగుతాను), రాత్రి తొమ్మిది దాటాక ఫోను ముట్టకపోవడం, పడుకునే ముందు డైరీ. తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు పాపకు జ్వరం వచ్చి రాత్రంతా మేలుకున్నాం. రెండు రోజులు పోయాయి. పోయిన నడక పూడ్చాలని ఆ మరుసటి రోజు పది కిలోమీటర్లు నడిస్తే మోకాలు పట్టేసింది. అంతటితో అన్నీ ఆగిపోయాయి. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది, భోజనం తొమ్మిదికి, నిద్ర పదకొండున్నరకు. మొన్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రక్తంలో చక్కెర సగటును చూపే అంకె) 6.1 వచ్చింది. ఇంకా షుగర్ కాదు గానీ గుమ్మం దాకా వచ్చిందన్నారు డాక్టరు గారు. ఆ రాత్రి మళ్లీ నోటుబుక్కు తీశాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా పాప చూసి, "నాన్నా, ఈసారి ఎన్ని రోజులు?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. నాకు సంకల్పబలం లేదా? దాన్ని పెంచుకునే మార్గం చెప్పండి.
(పేరు వద్దు, ఖమ్మం)

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ పాప ప్రశ్న దగ్గర ఆగాను. ఎవరైనా అక్కడే ఆగుతారు. రెండోసారి మాత్రం మీరు చిరునామాలాగా రాసి వదిలేసిన ఒక మాట దగ్గర ఆగాను. పదహారేళ్లుగా క్యాషియర్‌ని అన్నారు.

క్యాషియర్ సాయంత్రం ఎలా గడుస్తుందో నాకు తెలిసినంతలో చెబుతాను, తప్పుంటే దిద్దండి. కౌంటరు మూస్తారు. అయిదువందల నోట్లు ఒకవైపు, వందలు ఒకవైపు, చిల్లర ఒకవైపు వేరుచేసి కట్టలు కడతారు. రోజు వోచర్లన్నీ కూడి, చేతిలో ఉన్న నగదుతో సరిచూస్తారు. పది రూపాయలు తేడా వచ్చినా ఎవరూ కుర్చీలోంచి లేవరు. లెక్క కుదిరాక డబ్బు లోపల పెట్టి, ఇద్దరు చెరో తాళం వేసి, అప్పుడు బయటపడతారు. ఏడాదికి ఏ 280 రోజులో అనుకున్నా, ఈ పని మీరు ఇప్పటికి నాలుగు వేల సార్లకు పైనే చేశారు. తలనొప్పి ఉన్న రోజూ చేశారు, ఇంట్లో గొడవపడి వచ్చిన రోజూ చేశారు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయిన ఆ వారాల్లో ఎంత పొద్దుపోయినా లెక్క ముగించాకే లేచి ఉంటారు. ఇంతటి మనిషి వచ్చి నాకు సంకల్పబలం లేదంటే నేనెలా నమ్మను?

ఇది మా ఉద్యోగం కదా, చేయక తప్పుతుందా అంటారు. సరే, జీతం సంగతి పక్కన పెట్టి ఆ పని తీరు చూడండి. కౌంటరు మూయగానే అది మొదలవుతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలా అని మీరు ఆలోచించరు. చోటు అదే, బల్ల అదే. ఎక్కడికి ముగుస్తుందో తెలుసు. రద్దీ తక్కువున్న రోజు పని తక్కువ, ఎక్కువున్న రోజు ఎక్కువ. పైగా నిన్న సెలవు కాబట్టి ఈ రోజు రెండు రోజుల లెక్క కలిపి సరిచూడమని ఎవరూ అనరు. ప్రతిరోజు లెక్క ఆ రోజుకే ముగుస్తుంది.

ఇప్పుడు మీ ఎనిమిది అంశాల జాబితా పక్కన పెట్టుకుని చూడండి. ఈ లక్షణాల్లో ఒక్కటైనా అందులో ఉందా?

ఆ జాబితా ఎప్పుడు రాశారో నేను ఊహించగలను. డిసెంబరు 31 రాత్రి. భోజనం అయింది, మర్నాడు తొందరేమీ లేదు, ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు, ఎవరో ఇచ్చిన కొత్త డైరీ చేతిలో ఉంది, కాగితం వాసన వస్తోంది. ఆ గంటలో మనిషికి ఏదైనా సాధ్యమే అనిపిస్తుంది. కానీ రాసినవాడు ఒకడు, మోయవలసినవాడు ఇంకొకడు. మోసేవాడు రాత్రి ఎనిమిదింటికి ఇంటికి వస్తాడు, పదకొండున్నరకు పడుకుంటాడు. నాలుగున్నరకు లేస్తే అయిదు గంటల నిద్ర. షుగర్ గుమ్మంలో ఉన్న మనిషి నిద్ర తగ్గించుకుని ఆరోగ్యం సంపాదించాలనుకోవడం ఎక్కడి లెక్క? రోజూ నిద్ర చాలకపోవడం కూడా రక్తంలో చక్కెరను పెంచేదే. తెల్లారకముందు లేచేవాళ్లే గొప్పవాళ్లవుతారని చెప్పే వీడియోలు మీరూ చూసే ఉంటారు. మా ఊళ్లో పాలు పోసేవాళ్లందరూ మూడున్నరకే లేచేవాళ్లు. ఒక్కరూ కోటీశ్వరులు కాలేదు. ఆ నాలుగున్నరను ముందు కొట్టేయండి.

ఇంకో మాట, కొంచెం గట్టిగానే అంటున్నాను. ఉత్తరమంతా వెతికినా మీ ఇంటావిడ ప్రస్తావన లేదు. అయిదింటికి మీరు నడకకు పోయి, వచ్చి యోగా, ఆపైన ఇంగ్లీషు అంటుంటే పాప టిఫిను డబ్బా కడుతున్నదెవరు? ఇంట్లో ఒకరి క్రమశిక్షణ బరువు ఇంకొకరి వీపు మీద పడుతుంటే అది ఎన్నాళ్లో నిలవదు. నిలవకపోవడమే మంచిదేమో కూడా.

మా అమ్మ సంగతి చెబుతాను. ఆమె ఏనాడూ ఏ తీర్మానమూ చేసుకోలేదు. కానీ యాభై ఏళ్లు, రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి కల్లాపి చల్లి ముగ్గు పెట్టింది. సంక్రాంతి నెలలో ఇరవై ఒక్క చుక్కల ముగ్గులు వేసేది, పక్కింటివాళ్లు వచ్చి కాగితం మీద దించుకుపోయేవారు. మామూలు రోజుల్లో చేతికి వచ్చిన ఏదో ఒక చిన్న పద్మం. నాకు పదేళ్లప్పుడు ఒకసారి ఆమెకు విపరీతంగా జ్వరం వచ్చింది. ఆ పూట ముగ్గు ఉండదనుకున్నాను. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారుస్తూ రెండు గీతలు లాగింది. వాటి చివర్లు చెరో వంపు తిప్పి, పిండి డబ్బా నా చేతికిచ్చి, వెళ్లి పడుకుంది. అరనిమిషం పట్టి ఉంటుంది. ఆ రోజు మా వాకిట్లో ముగ్గు ఉందా లేదా అని వీధిలో ఎవరిని అడిగినా ఉందనే అంటారు.

మా తాతయ్య పోయినప్పుడు మైల రోజులన్నీ వాకిలి బోసిగా ఉంది. శుద్ధి అయిన మర్నాడు అమ్మ ఎన్ని ముగ్గులు పెట్టిందనుకున్నారు? ఒకటే. మానేసిన రోజులకు బాకీగా పదకొండు పెట్టలేదు. మీరు మూడో రోజు నడిచిన పది కిలోమీటర్ల సంగతి చదవగానే నాకు అది గుర్తొచ్చింది. మీ మోకాలు పట్టేసింది నడకతో కాదు, బకాయితో.

కాబట్టి నా సలహా అంతా ఒక్క ముక్కలో చెబితే, అలవాటుకు కొలతలు మంచి రోజున తీసుకోకూడదు, చెడ్డ రోజున తీసుకోవాలి. పాపకు జ్వరం వచ్చిన రాత్రి కూడా చేయగలిగేంత ఉండాలి. అంతకు మించి జరిగిన రోజు సంక్రాంతి ముగ్గు అనుకోండి, సంతోషించండి. కానీ మీ కొలత ఆ రెండు గీతలే.

ఈ మాటలు నేను పుట్టుకతో తెలిసిన దానిలా చెబుతున్నాననుకోకండి. నేనూ ఏమీ తక్కువ తినలేదు. ఉద్యోగం నుంచి రిటైరయిన ఏడాది, ఇక తీరికే కదా అని రోజుకు అరవై పేజీలు చదవాలని పెట్టుకున్నాను. అలమర నిండా పుస్తకాలు కొన్నాను. ఆరు రోజులు చదివాను, ఏడో రోజు బంధువులొచ్చారు. ఆ తర్వాత రెండేళ్లు ఆ అలమర వైపు చూడాలంటేనే సిగ్గేసేది. చివరికి నన్ను గట్టెక్కించింది కాఫీ ఫిల్టరు. పొడి వేసి, వేడినీళ్లు పోసి మూత పెట్టాక, డికాక్షన్ దిగడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ నేను వంటింట్లో నిలబడి ఫోను చూసేదాన్ని. ఒక రోజు పుస్తకాన్ని తీసుకెళ్లి కాఫీపొడి డబ్బా పక్కన పెట్టాను. అంతే చేసింది. డికాక్షన్ దిగేలోపు మూడు పేజీలు, ఒక్కోసారి అయిదు. ఇంటి నిండా చుట్టాలున్న రోజు అర పేజీ. ఇప్పటికి ఆరేళ్లయింది. నా పుస్తకాలన్నిటికీ అట్టల మీద గోధుమరంగు మరకలే. ఎవరికైనా ఇవ్వాలంటే కాస్త మొహమాటంగా ఉంటుంది.

ఇక మీ విషయం. ఎనిమిదిలో ఒక్కటి ఎంచుకోండి అని నేనంటాను, ఏదో మీరే ఎంచుకోండి అని అనను. మీ 6.1 ఎంచేసింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే డాక్టర్లు ముందస్తు మధుమేహం అంటారు. దేశవ్యాప్తంగా భారత వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం ఈ స్థితిలో ఉన్నవారు మన దేశంలో 13.6 కోట్ల మంది, కాబట్టి ఆ గుమ్మంలో మీరు ఒంటరిగా లేరు. ఆ గుమ్మం నుంచి వెనక్కి రావచ్చు. చెన్నై డాక్టర్లు మీలాంటి స్థితిలో ఉన్న 531 మందిని తీసుకుని చేసిన అధ్యయనం 2006లో అచ్చయింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో మూడేళ్లు తిరిగేసరికి నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. రోజూ అరగంట నడుస్తూ తిండి కాస్త మార్చుకున్నవారిలో 39 మందికి. నూటికి పదహారు మంది తేడా. అది నడకదీ తిండిదీ, మరే మందుదీ కాదు.

నడక అనగానే మీరు మళ్లీ అయిదు కిలోమీటర్లు, మళ్లీ తెల్లవారుజాము అనుకుంటారు. అక్కడే ఆగండి. మీకు నడక రాత్రి భోజనం తర్వాత. తిన్న అన్నం రక్తంలో చక్కెరగా మారి పైకి ఎక్కుతున్న సమయంలో కాళ్ల కండరాలు కదిలితే ఆ చక్కెరలో కొంత అవి వాడేసుకుంటాయి. తొమ్మిదికి తిని కుర్చీలో కూర్చుని ఫోను చూసి పదకొండున్నరకు పడుకునే మనిషికి ఇంతకంటే పనికొచ్చే పది నిమిషాలు రోజు మొత్తంలో లేవు. 2013లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది, అరవై దాటిన పది మందితోనే చేశారు. పూటపూటా భోజనం తర్వాత పావుగంట చొప్పున నడిపించి చూస్తే, రాత్రి భోజనం తర్వాతి చక్కెర, ఒకేసారి ముప్పావుగంట నడిచిన రోజులకంటే బాగా తగ్గింది. పది మంది మాటను శాసనంగా తీసుకోనక్కర్లేదు గానీ, మీ దినచర్యకు అది చక్కగా సరిపోతోంది.

నడకకు ఎప్పుడు లేవాలి అనేది గడియారాన్ని బట్టి పెట్టుకోకండి. మీ ఇంట్లో భోజనం ఒకరోజు తొమ్మిదికి, ఒకరోజు పదికి అవుతుంది. ఏ గంటకు తిన్నా, తిన్నాక మీరు ఒక్కరోజు కూడా మానకుండా చేసే పని ఒకటుంది. చేయి కడుక్కోవడం. చెంచాతో తినే దేశాల వాళ్లకు ఈ వసతి లేదు. చేతికి పప్పు అంటుకుని ఉండగా కుర్చీలో కూలబడలేరు, ఫోను ముట్టలేరు, లేచి తీరాలి. ఎలాగూ లేచారు కాబట్టి మీ కంచం మీరే కడిగేయండి, ఇందాకటి నా కోపానికి అది సమాధానం. చేయి తుడుచుకున్నాక కూర్చోవద్దు. తిరిగి కూర్చున్నారా, ఆ రాత్రికి అంతే. చెప్పులు ఇంట్లో ఎక్కడ విప్పుతారో నాకు తెలియదు, ఈ రోజు నుంచి అవి మీరు చేయి తుడుచుకునే చోటి నుంచి వీధి తలుపుకు వెళ్లే దారిలో, కాలికి తగిలేటట్టు ఉండాలి. ఫోను చార్జింగులో ఉండనివ్వండి.

ఎంత దూరం? మీ వీధి చివర ఏదో ఒకటి ఉంటుంది కదా, కిరాణా కొట్టో, కరెంటు స్తంభమో. అక్కడిదాకా వెళ్లి దాన్ని ముట్టుకుని రండి. అదే మీ రెండు గీతలు. వానైతే మేడ మీదో, మెట్ల దగ్గరో, కాకపోతే వరండాలోనో అటూ ఇటూ ఇరవై సార్లు. కాళ్లు బాగున్నాయి, గాలి బాగుంది అనిపించిన రాత్రి పది నిమిషాలు నడవండి, ఇరవై నడవండి. కానీ స్తంభం ముట్టుకుని వచ్చిన రాత్రిని తక్కువ చేసి చూడొద్దు. మోకాలు ఇంకా నొప్పిగా ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించి మొదలుపెట్టండి.

ఇంత చిన్నదానితో ఏం ఒరుగుతుందని మీ మనసు గొణుగుతుంది. ఆ గొణుగుడుకు జవాబు మీ వృత్తిలోనే ఉంది. రోజూ కాస్త కాస్తగా కట్టే పిగ్మీ డిపాజిట్ గురించి మీకు నేను చెప్పాలా? దాని పుట్టుక చాలామందికి తెలియదు. ఉడుపిలో 1925లో, చేనేత దెబ్బతిని చితికిపోయిన నేతగాళ్లకు సాయం చేయాలని టీఎంఏ పాయ్, ఉపేంద్ర అనంత పాయ్, వామన్ కుడ్వ కలిసి ఎనిమిది వేల రూపాయల పెట్టుబడితో ఒక సంస్థ పెట్టారు. అదే తర్వాతి కాలపు సిండికేట్ బ్యాంకు, 2020లో కెనరా బ్యాంకులో కలిసిపోయింది. 1928లో వాళ్లు పిగ్మీ మొదలుపెట్టారు. రోజుకు రెండణాలు, అంటే రూపాయిలో ఎనిమిదో వంతు. అది కట్టడానికి ఎవరూ బ్యాంకుకు రానక్కర్లేదు, ఏజెంటే ఇంటికో కొట్టుకో వస్తాడు. ఆ పథకాన్ని ఆలోచించినవాళ్లు మనుషులను ఎంత బాగా చదివారో చూడండి. పొదుపు గొప్పదనం గురించి నేతగాడికి ఉపన్యాసం ఇవ్వలేదు. రేపిస్తాలే అనడానికి సిగ్గుపడేంత చిన్న మొత్తం అడిగారు, రోజూ అడిగారు, అతను ఉన్న చోటికే వచ్చి అడిగారు. మీ చెప్పులు ఆ ఏజెంటు లాంటివి. దారిలో అడ్డంగా ఉండి రెండణాలు అడుగుతాయి.

లెక్క కావాలంటే వేసుకోండి. పది నిమిషాల మామూలు నడక అంటే సుమారు 800 మీటర్లు. ఏడాదిలో 300 రాత్రులు నడిస్తే 240 కిలోమీటర్లు, ఖమ్మం నుంచి బయలుదేరి హైదరాబాదు దాటిపోతారు. అయితే ఉన్నమాట చెప్పాలి, మీ 6.1ని దించడానికి రోజుకు పది నిమిషాలు మాత్రమే చాలవు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అక్కడికి చేరాలి. కానీ చేయి కడుక్కోగానే కాలు దానంతటదే చెప్పు కోసం వెతికే దాకా నిడివి గురించి ఆలోచించకండి. పెంచడం అప్పుడు చాలా తేలిక. ఎలాగూ బయట ఉన్నారు కదా, స్తంభం దగ్గర వెనక్కి తిరగకుండా ముందుకు పోవడమే.

ఆ దశ ఎన్నాళ్లకు వస్తుంది? 21 రోజులు అని మీరు వినే ఉంటారు. ఆ అంకె వెనక కథ సరదాగా ఉంటుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాశారు, ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారు అద్దంలో తమ కొత్త రూపానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని. తర్వాత నోటా నోటా పడి 'కనీసం' జారిపోయింది, ముఖమూ జారిపోయింది, 21 మాత్రం మిగిలింది. నిజంగా అలవాట్ల మీదే చేసిన పరిశీలన వేరే ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారాలు గమనించారు. మధ్యాహ్న భోజనంతో పండు తినడం లాంటి ఒక చిన్న పనిని, రోజూ ఎలాగూ చేసే మరో పనికి ముడివేసుకోమన్నారు. తలచుకోకుండానే ఆ పని జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులని లెక్క తేలింది. కానీ మనిషికీ మనిషికీ తేడా 18 రోజుల నుంచి 254 దాకా ఉంది (12 వారాలు దాటిన అంకెలు లెక్కగట్టి వేసిన అంచనాలు). మీరు ఏ కోవలోవారో ముందుగా ఎవరూ చెప్పలేరు. 2010లో అచ్చయిన ఆ పత్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, మధ్యలో ఒక రోజు తప్పిపోయినా అలవాటు కుదురుకోవడానికి పెద్ద తేడా ఏమీ రాలేదన్నది. అంటే మీ పదో రోజు జ్వరం మిమ్మల్ని ఏమీ చేయలేదు. ఆ జ్వరం తర్వాత మీరు మిమ్మల్ని తిట్టుకున్న తిట్లే చేశాయి. ఆరంభశూరులు అన్న మాటను మనవాళ్లు ఎప్పటినుంచో మనకు మనమే బిరుదులాగా తగిలించుకుని తిరుగుతున్నాం. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు అడగాలనిపిస్తుంది, ఆరంభించడమే అంత పెద్దదిగా ఆరంభిస్తే శూరుడైనా ఎన్నాళ్లు నిలుస్తాడు?

గుర్తు పెట్టుకోవడానికి ఏ యాపూ వద్దు. మీ వంటింటి గోడకు పంచాంగం క్యాలెండరు ఉండే ఉంటుంది. పాలు ఎన్ని ప్యాకెట్లు, గ్యాసు బండ ఎప్పుడు మార్చారు అన్నవి అందులోనే గళ్లలో రాస్తుంటారు. నడిచి వచ్చిన రాత్రి ఆ తేదీ గడిలో, పాల లెక్క పక్కన, ఒక చిన్న గీత గీయండి. నడవని రాత్రి గడిని ఖాళీగా వదిలేయండి, ఇంటూ మార్కు పెట్టకండి. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ యువకుడిగా ఉన్నప్పుడు పదమూడు సుగుణాలు అలవరచుకోవాలని, చిన్న పుస్తకంలో గళ్లు గీసి, తప్పు జరిగినప్పుడల్లా నల్ల చుక్క పెట్టేవాడు. అంత తెలివైనవాడు గనుక పదమూడింటినీ ఒక్కసారి ఎత్తుకోలేదు, వారానికి ఒకదాని మీదే మనసు పెట్టాడు. అయినా వస్తువులను వాటి చోట ఉంచడం, వేళకు పని చేయడం అనే క్రమం మాత్రం తనకు చివరిదాకా పట్టుబడలేదని తనే రాసుకున్నాడు. నాకైతే తప్పులకు చుక్కలు పెట్టే పద్ధతి నచ్చదు. రోజంతా ఇతరుల వోచర్లలో తప్పులు వెతికే మీకు ఇంటికొచ్చాక మీ తప్పులు వెతుక్కునే పని కూడా దేనికి?

మిగిలిన ఏడింటి మాట. టీ సంగతి ఈ వారమే తేలిపోతుంది, ఎందుకంటే దానికి రోజూ పట్టుదల అక్కర్లేదు, ఒక్కసారి నోరు తెరిస్తే చాలు. ఫ్లాస్కులో చక్కెర కలిపి తెచ్చే టీ ముందు నిలబడి రోజుకు అయిదుసార్లు మనసును బిగబట్టుకునే బదులు, టీ తెచ్చే అబ్బాయితో రేపు పొద్దున ఒక మాట చెప్పండి: నాకు రోజుకు రెండే, చక్కెర లేకుండా విడిగా. మొదటి వారం చప్పగా ఉంటుంది, తర్వాత నాలుక సర్దుకుంటుంది. కొన్ని పనులు అలవాటుగా చేసుకోవలసినవి కావు, ఏర్పాటు చేసేసి మరిచిపోవలసినవి.

ఫోనుకు ప్రత్యేకంగా నియమం వద్దు. నడిచి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది, నిద్ర కాస్త ముందే వస్తుంది. డైరీ వదిలేయండి. ఎవరో ఇచ్చిన డైరీల్లో మొదటి తొమ్మిది పేజీలు నిండి మిగతావి తెల్లగా ఉన్నవి మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో గానీ, పాపకు లెక్కలు చేసుకోవడానికి ఇచ్చేయండి. పుస్తకం మంచిదే, ఈ నడక కుదిరాక చూద్దాం. యోగా కూడా అంతే. ఇంగ్లీషు దేనికో మీ ఉత్తరంలో లేదు. ప్రమోషన్ పరీక్ష కోసమైతే దానికి తేదీ ఉంటుంది, తేదీ ఉన్నదానికి చదివే పద్ధతి వేరు. పదిమందిలో మాట్లాడలేకపోతున్నానన్న చిన్నతనం వల్లనైతే, అది వేరే ఉత్తరం రాయాల్సినంత విషయం. రాయండి.

హెచ్‌బీఏ1సీ అంటే సుమారు గడిచిన మూడు నెలల సగటు. కాబట్టి వారానికోసారి వేలు గుచ్చుకుని కంగారు పడకండి. డాక్టరు గారితో మాట్లాడి మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి, తిండి విషయంలో ఏం మార్చాలో కూడా వారినే అడగండి. ఆ పరీక్షలో అంకె దిగితే సంతోషం. దిగకపోయినా క్యాలెండరులో ఎన్ని గీతలున్నాయో చూపించండి, అప్పుడు వారికి ఏం చేయాలో తేలిగ్గా తెలుస్తుంది. మందు అవసరమంటే మొహమాటపడకండి, అది మీ ఓటమేమీ కాదు.

పాప ప్రశ్న మిగిలింది. దానికి మీరు సిగ్గుపడ్డారు గానీ నాకు అందులో వేరే ఏదో వినిపించింది. తండ్రి ఏటా ఏదో మొదలుపెడతాడు, కొన్నాళ్లు ఇంట్లో అందరికీ దొరక్కుండా పోతాడు, తర్వాత కొన్నాళ్లు ముఖం వేలాడేసుకుని తిరుగుతాడు. ఈ రెండూ ఎన్నెన్ని రోజులో తెలుసుకోవాలని పిల్లలకు ఉండదా? ఈసారి ఇంట్లో ఏ ప్రకటనా చేయకండి. నోటుబుక్కు తీయకండి. గీతలు లెక్కపెట్టే పని పాపకు అప్పగించకండి, తండ్రికి ఇన్‌స్పెక్టరుగా ఉండడం ఆ వయసు పిల్లలు మోయవలసిన బరువు కాదు. ఈ రాత్రి అన్నం తిని, కంచం కడిగి, చేయి తుడుచుకుని చెప్పులు వేసుకోండి. ఎక్కడికి అని అడుగుతుంది. కరెంటు స్తంభం దాకా అని చెప్పండి. ఈసారి ఎన్ని రోజులు అని మళ్లీ అడిగితే, "తెలియదు తల్లీ, వస్తావా, నువ్వూ చెప్పులేసుకో" అనండి.